కిటికీకి ఐదుకి ఐదు

ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టాలంటే ఆవిడ మీద పైవాళ్లకి పితూరీలు మొయ్యాలని మీరనుకుంటున్నారేమో. అంత శ్రమ అక్కర్లేదండీ. ఆవిడ పని బ్రహ్మాండంగా ఉందని అంకెలతో సహా నిరూపిస్తే చాలు. నేను నిరూపించాను. అదీ ఉత్తినే కాదు, కంప్యూటర్ మీద రంగుల బొమ్మ గీసి మరీ నిరూపించాను. ఆ రోజున నా తెలివితేటలకి నేనే ముచ్చటపడి క్యాంటీన్‌లో రెండో కాఫీ కూడా తాగాను. ఆ కాఫీ ఇప్పటికీ అరగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సందుకొక ఇంటర్నెట్ సెంటరు వెలుస్తున్న రోజుల్లో, రాజమండ్రిలో ఎంసీఏ ఎలాగో గట్టెక్కించి, కడియం దగ్గర ఒక మొక్కల కంపెనీలో సిస్టమ్స్ ఆఫీసరుగా చేరాను. ఆఫీసరు అన్న మాట చూసి కంగారుపడకండి. నా కింద పనిచేసేవి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. అవి కూడా నా మాట వినేవి కావు. మా నాన్నగారు మాత్రం చుట్టాలందరికీ, "మావాడు మొక్కల కంపెనీలో కంప్యూటర్ ఆఫీసరండీ" అని గర్వంగా చెప్పేవారు. మొక్కలకి కంప్యూటర్ ఎందుకని ఎవరైనా అడిగితే, "అదే చూస్తున్నాడు" అనేవారు.

ఆ తోట మొదట్లో ఒక రైతుది. తర్వాత హైదరాబాద్ కంపెనీ ఏదో కొనేసింది. కొన్నవాళ్లు ఊరుకుంటారా? "ఉద్యోగుల పోర్టల్" అని ఒకటి తెచ్చి మా నెత్తిన పెట్టారు. ఇకనుంచి సెలవు కావాలన్నా, అడ్వాన్సు అడగాలన్నా, జీతం చీటీ చూసుకోవాలన్నా కాగితం ముట్టుకోకూడదు. ఎవరి పేరుతో వాళ్లు కంప్యూటర్‌లోకి వెళ్లి, ఎవరి పాస్‌వర్డు వాళ్లు కొట్టుకుని, ఎవరి సెలవు వాళ్లు అడుక్కోవాలి. ఆ కంప్యూటర్‌ని తోటలో రేకుల షెడ్డు కింద బల్ల మీద పెట్టించాను. గంధం బొట్టు కూడా పెట్టాను.

మా ఉద్యోగులంటే ఎవరనుకున్నారు? కవర్లలో మట్టి నింపేవాళ్లు, అంట్లు కట్టేవాళ్లు, లారీలకి మొక్కలు ఎత్తేవాళ్లు. పొద్దున్న వాళ్ల చెయ్యి మట్టిలోకి వెళ్లిందంటే సాయంత్రం దాకా బయటికి రాదు. మొదటి రోజే కీబోర్డులో సగం మీటలు ఎర్రమట్టిలో కూరుకుపోయాయి. మిగతా సగంలో పశువుల ఎరువు. నేను కూర్చుని టూత్‌బ్రష్‌తో తోమాను. మర్నాడూ తోమాను. ఎంసీఏ చదివింది ఇందుకేనా అని మూడోనాడు కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే మంగతాయారు గారు వచ్చారు.

మంగతాయారు గారు మా టైమాఫీసు గుమస్తా. గేటు పక్కన చిన్న గది, దానికో కిటికీ. ఆ కిటికీలోంచి అందరికీ హాజరు వేసేవారు. యాభై దాటిన మనిషి. కళ్లజోడు, మోకాళ్ల నొప్పులు, పక్కన ఎప్పుడూ ఒక కుండలో మజ్జిగ. పాత రైతు పెట్టిన ఉద్యోగం కాబట్టి కొత్త కంపెనీ ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తూ ఉండేది. ఆ జీతం మీదే ఆవిడ ఇల్లు నడిచేది.

"బాబూ, వీళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి పొద్దుగూకిపోద్ది. ఆ పెట్టె తెచ్చి నా బల్ల మీద పడెయ్యి. వాళ్లు కిటికీలోంచి చెబుతారు, నేను నొక్కుతాను," అన్నారు.

"రూల్ ఒప్పుకోదండీ. ఎవరిది వాళ్లే నొక్కుకోవాలి."

"అయితే ఆ బ్రష్షు కూడా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలా?"

కంప్యూటర్ ఆవిడ బల్ల ఎక్కింది. నేను ఇంకో అడుగు ముందుకేసి, కిటికీ మీదున్న "టైమాఫీసు" బోర్డు తీయించి "ఉద్యోగుల పోర్టల్" అని కొత్త బోర్డు కొట్టించాను. ఆ బోర్డు సంగతి గుర్తుపెట్టుకోండి. అది నా మెడకే చుట్టుకుంటుంది.

పాస్‌వర్డులు ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఆవిడే పెట్టేశారు. ఎవరు ఏ మొక్క చూస్తే ఆ మొక్క పేరు, వెనకాల ఆవిడకి తోచిన అంకె. అంతా సుఖంగా ఉంది. ఆ సుఖాన్ని కొలవమని హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసింది చక్రపాణి గారు. ఉద్యోగుల వ్యవహారాలన్నిటికీ ఆయనే పెద్ద.

"పోర్టల్ మీద ఎంప్లాయీ శాటిస్‌ఫాక్షన్ ఎంతుందో మెజర్ చేసి పంపాలయ్యా," అన్నారు.

"కొలవడం ఎలాగండీ?"

"ఐదు పాయింట్ల స్కేలు. అస్సలు బాగాలేకపోతే ఒకటి, చాలా బాగుంటే ఐదు. కింద కామెంట్స్‌కి ఒక గడి. పోర్టల్‌లోనే పెట్టు, పోర్టల్‌లోనే నింపించు."

నింపించాను. ఎక్కడ నింపించానని అడుగుతున్నారా? ఇంకెక్కడ, ఆ కిటికీ దగ్గరే. వాళ్లు చెప్పారు, ఆవిడ నొక్కారు. సాయంత్రానికి లెక్క తీస్తే నా బుర్ర తిరిగిపోయింది. అందరూ అన్నిటికీ ఐదే.

నా అయోమయం అక్కడ మొదలైంది. ఎందుకంటే పోర్టల్ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? వానొస్తే ఫోన్ లైను పోయేది, లైనుంటే కరెంటు పోయేది, రెండూ ఉంటే పేజీ సగం తెరుచుకుని అక్కడే నిద్రపోయేది. అంతకుముందు వారమైతే పంపుసెట్టు కోసం ఎవరో తవ్వుతూ కేబులు తెంపేస్తే పోర్టల్ మొహమే చూసినవాడు లేడు. అలాంటి దానికి ఐదుకి ఐదా! కామెంట్లు చదివితే మతి ఇంకా పోయింది. "మజ్జిగలో ఉప్పు కాస్త తగ్గించాలి." "నించోలేకపోతున్నాం, ఒక బెంచీ వెయ్యాలి." "మా అమ్మాయి సంబంధం ఏమైందని అడిగినందుకు సంతోషం." "మోకాళ్లు నెమ్మదించాలని ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నాను."

మజ్జిగేంటి, మోకాళ్లేంటి, పోర్టలేంటి? సందేహం తీర్చుకుందామని అంట్లు కట్టే సూరన్న దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఆ తోటలోనే జామ అంట్లు కడుతున్న మనిషి.

"సూరన్నా, నిజం చెప్పు. పోర్టల్ బాగుందా?"

"ఆయ్, చాలా బాగుందండి."

"పోయిన వారమంతా నెట్ లేదు కదయ్యా!"

"నెట్టు లేకపోతే మాకేంటండి? అమ్మగారికి చెప్పేసి వెళ్లిపోయాం. వచ్చాక ఆవిడే కొట్టేశారు."

"ఆవిడ సంగతి కాదు, నేనడిగేది పోర్టల్ గురించి."

"నేనూ దాని గురించేనండి చెబుతున్నాను. బోర్డు మీరే కట్టించారు కదండి."

ఇప్పుడు మీకు అర్థమైపోయింది కదూ? సూరన్నకీ అర్థమైంది. తోటలో ఉన్న గులాబీ మొక్కలకి కూడా అర్థమయ్యే ఉంటుంది. నాకొక్కడికే కాలేదు. "పాపం, వీళ్లకి ప్రశ్నే తెలియలేదు" అని జాలిపడుతూ వెనక్కి వచ్చాను. అర్థంకాని కామెంట్లన్నీ "విషయానికి సంబంధం లేనివి" అని చెరిపేశాను. అన్నీ అర్థంకానివే కాబట్టి అన్నీ పోయాయి. మిగిలిన అంకెలతో గుండ్రటి బొమ్మ గీశాను. అందరిదీ ఒకే మార్కు కాబట్టి బొమ్మంతా ఒకే ఆకుపచ్చ రంగు. దాన్ని హైదరాబాద్ పంపేసి, ఇందాక చెప్పానే, ఆ రెండో కాఫీ తాగాను.

వారం తిరక్కుండా మంగతాయారు గారు నా గదికి వచ్చారు. ఆవిడ మెట్లెక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాబూ, నాకు పోర్టల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు కదా, నేను సరిగ్గా చదివానో లేదో చూస్తావా?"

చూశాను. ఆవిడ సరిగ్గానే చదివారు. ఉద్యోగులు పోర్టల్‌ని అద్భుతంగా వాడుకుంటున్నారని సర్వేలో తేలిందట. కాబట్టి టైమాఫీసు కిటికీతో ఇక పనిలేదట. కంప్యూటర్‌ని మళ్లీ షెడ్డులోకి మార్చాలట. నెలాఖరుతో ఆవిడ కాంట్రాక్టు అయిపోతుంది, ఇక పొడిగించరట. ఇన్నాళ్ల సేవకి ధన్యవాదాలట.

మళ్లీ మొదట్నుంచి చదువుతుంటే ఆవిడే అన్నారు.

"ఆ ఐదులన్నీ నేనే కదా బాబూ నొక్కాను. నన్ను తీసెయ్యమని నా చేత్తో నేనే నొక్కుకున్నానా?"

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. నిజంగా తెలియక అడిగారు. మజ్జిగా, మోకాళ్లూ, బెంచీ అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయి, అర్థమైనందుకు సిగ్గేసింది. ఆవిడ మాత్రం, "ఇంట్లో కూర్చుంటే ఇల్లెలా గడుస్తుందో ఏంటో, ఈ మోకాళ్లు కూడా బిగుసుకుపోతాయి," అంటూ మెట్ల వైపు తిరిగారు.

"ఆగండి! మళ్లీ సర్వే పెడదాం. అంకెలు చూసి తీసేశారు కాబట్టి అంకెలతోనే నిలబెడదాం. ఈసారి అందరి చేతా ఒకటి వేయిద్దాం. పోర్టల్ అస్సలు బాగాలేదంటే, కిటికీ ఉండాల్సిందేనని వాళ్లే అంటారు!"

ఇది కూడా నా తెలివే. మొదటిదానికి తమ్ముడు.

మర్నాడు పొద్దున్నే కిటికీ ముందు జనం. విషయం అందరికీ చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. మొదట సూరన్న వచ్చాడు. లోపల మంగతాయారు గారు మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎంత వెయ్యమంటావు సూరన్నా?"

"ఐదండి."

"ఒకటి అనాలయ్యా!" అన్నాను వెనకనుంచి.

సూరన్న నావైపు ఎలా చూశాడంటే, పెళ్లి పందిట్లో బూతుమాట విన్నట్టు చూశాడు. "అమ్మగారి ఎదురుగా నించుని అమ్మగారికి ఒకటి వెయ్యమంటారేంటండి? మా ఇంట్లో తెలిస్తే నాకు అన్నం పెడతారాండి?"

"అమ్మగారికి కాదు, పోర్టల్‌కి!"

"అది మాత్రం ఏం పాపం చేసిందండి? ఆవిడ బల్ల మీదే కదా ఉంది."

మంగతాయారు గారు బతిమాలారు. "నా మాట విను సూరన్నా. ఒకటి వేస్తే నా ఉద్యోగం నిలబడుద్దంట."

"అదేం ఉద్యోగమండి, తిడితే గానీ నిలబడనిది? ... పోనీ, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి నాలుగున్నర వెయ్యండి."

"అరలు లేవయ్యా ఇందులో."

"అయితే ఐదే వెయ్యండి."

తర్వాత నాగమణి వచ్చింది. కవర్లలో మట్టి నింపే మనిషి. మాట కరుకు. ఈవిడైనా ఒకటి వేస్తుందని ఆశపడ్డాను. నాగమణి కొంగుతో కళ్లొత్తుకుంటూ, "వెళ్లిపోయే మనిషికి ఎవరైనా ఒకటి వేసి పంపుతారాండి? ఐదు వేసి, చీరా జాకెట్టూ పెట్టి పంపాలి గానీ," అంది. ఆ మాట వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ నచ్చింది. అక్కడికక్కడే చీర రంగు గురించి చర్చ మొదలైంది.

నేను కిటికీలో తల దూర్చి రహస్యంగా అన్నాను. "మీరే ఒకటి నొక్కెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?"

"వాళ్లు ఐదంటే నేను ఒకటి నొక్కనా? ఎంత మాటన్నావు బాబూ!" ఆవిడ నొచ్చుకున్నారు. "నువ్వు కొంచెం మజ్జిగ తాగు."

మజ్జిగ తాగాను. అందులో ఉప్పు నిజంగానే ఎక్కువ.

సాయంత్రానికి ఫలితం: మళ్లీ అన్నీ ఐదే. మొదటిసారి సెలవులో ఉన్నవాళ్లు కూడా వచ్చి ఐదు వేసి వెళ్లారు. ఈసారి నేను పంపకుండానే అది తనంతట తానే హైదరాబాద్ వెళ్లిపోయింది. పోర్టల్ సరిగ్గా పనిచేసిన రోజు అదొక్కటే.

రెండోసారి కూడా ఐదుకి ఐదు వచ్చిన తోట ఏదో కళ్లారా చూడాలని చక్రపాణి గారే బయల్దేరి వచ్చేశారు. దారిలో రావులపాలెంలో కొన్న అరటిగెల కారు వెనక సీట్లో దర్జాగా కూర్చుని ఉంది. మావాళ్లు ఊరుకుంటారా? కొబ్బరిబొండాలు కొట్టారు, పూతరేకులు తెప్పించారు, ఒకరికి వద్దంటే ఇంకొకరు పెట్టారు. ఆయన తింటూ, ఆయాసపడుతూ, అందర్నీ షెడ్డు దగ్గరికి పిలిపించారు. నేను నిజం చెప్పడానికి పొద్దుటినుంచి నోరు తెరుస్తూనే ఉన్నాను. తెరిచినప్పుడల్లా ఎవరో ఒక పూతరేకు పెట్టేస్తున్నారు.

"పోర్టల్ బాగుందా?" అని అడిగారు చక్రపాణి గారు.

"ఆయ్, బాగుందండి!" అంది తోటంతా.

"ఒకటో తారీఖు నుంచి కిటికీ ఉండదు. మీ అంతట మీరే నొక్కుకుంటారు. సంతోషమేనా?"

"మీ ఇష్టమండి."

ఆయన నావైపు చూసి నా భుజం తట్టారు. మంగతాయారు గారు దూరంగా గోడవార నించుని, మోకాలు ఒత్తుకుంటున్నారు. నేను ఇక లాభంలేదని, "సార్, అది అసలు..." అని మొదలుపెట్టేలోపే సూరన్న తలపాగా తీసి ముందుకొచ్చాడు.

"ఒక్క డౌటండి. ఒకటో తారీఖు నుంచి మేం అమ్మగారి ఇంటికి ఎన్నింటికి వెళ్లమంటారండి?"

"ఇంటికా? ఎందుకు?"

"పాస్‌వర్డులు ఆవిడ దగ్గరే ఉన్నాయి కదండి."

"నీ పాస్‌వర్డు నీకు తెలీదా?"

"నాది జామండి. వెనకాల ఏదో అంకె ఉంటదండి. అది ఆవిడకే తెలుసు."

"నాది మల్లండి," అంది నాగమణి. "నాది సపోటా." "నాది కొబ్బరండి." తోటలో ఉన్న మొక్కలన్నీ పేరు పేరునా లేచి నిలబడ్డాయి. ఏ ఒక్కదానికీ తన అంకె తెలియదు. చక్రపాణి గారి చేతిలో పూతరేకు పొడిపొడిగా రాలిపోయింది.

"అంటే... జీతాలు, సెలవులు, అందరి తాళాలూ ఈవిడ తలకాయలో ఉన్నాయా? ఈవిడనేనా మనం తీసేస్తున్నది?" ఆయన మంగతాయారు గారి వైపు తిరిగారు. "అందరివీనా అమ్మా?"

"అందరివీనండి."

"ఈ సిస్టమ్స్ ఆఫీసరుది కాదు కదా?"

ఆవిడ నావైపు చూసి తల దించుకున్నారు. నన్ను కాపాడదామనే చూశారు గానీ, అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదని కిటికీ దగ్గరే మీరు చూశారు కదా.

"బాబుది కూడానండి. మొన్న దీపావళికి సెలవు పెట్టుకుందామంటే బాబు కంప్యూటర్‌లో పేజీ తెరుచుకోలేదు. పాపం, కిటికీ దగ్గరికి వచ్చారు."

"మరి సర్వే?"

"అది కూడా నా దగ్గరే ఇచ్చారండి. రెండుసార్లూ."

"ఎంత వేశాడు?"

"ఐదండి."

అవునండీ, వేశాను. రెండోసారి కూడా వేశాను! అందరి చేతా ఒకటి వేయించడానికి గొంతు చించుకున్న నేను, చివర్లో నా వంతు వచ్చి కిటికీ ముందు నించుని, ఆవిడ కళ్లజోడులోంచి "ఎంత వెయ్యను బాబూ?" అని అడిగితే, ఒకటి అనలేక "ఐదండి" అనేశాను. నేనూ ఈ నేల మీద పుట్టినవాణ్ణే కదా.

చక్రపాణి గారు అరటిగెల పక్కన కారులో కూలబడ్డారు. తర్వాత నీరసంగా, "ఇంతకీ ఇతని పాస్‌వర్డు ఏంటమ్మా?" అని అడిగారు.

"బ్రహ్మజెముడండి," అన్నారు మంగతాయారు గారు. "వచ్చిన కొత్తలో కొంచెం ముళ్లముళ్లుగా ఉండేవారు. తర్వాత మార్చడం మర్చిపోయాను."

తోటంతా ఘొల్లుమంది. చక్రపాణి గారు కూడా నవ్వారు. అంత నవ్విన మనిషి తర్వాత ఎవర్నీ తీసెయ్యలేడు. కాంట్రాక్టు పొడిగించారు, కిటికీ ఉంచేశారు. దాని ముందు బెంచీ వెయ్యాలని, మజ్జిగలో ఉప్పు తగ్గించాలని ఆర్డరు వచ్చింది. నేను చెరిపేశానని ఒప్పుకున్న కామెంట్లు ఆయన అక్కడే నించుని అందరి నోటా మళ్లీ చెప్పించుకున్నారు. బెంచీ మోసుకొచ్చి వేసింది ఎవరో మీకు వేరే చెప్పాలా?

మంగతాయారు గారు ఆ కిటికీ దగ్గరే రిటైర్మెంటు వయసు దాకా పనిచేసి దిగారు. నాగమణి అన్నట్టే చీరా జాకెట్టూ పెట్టి పంపాం. అంతకుముందే ఒక ఆదివారం సూరన్న ఆవిడ మోకాళ్ల కోసం మొక్కిన మొక్కు తీర్చడానికి వెళుతూ మా ఇద్దర్నీ ద్రాక్షారామం తీసుకెళ్లాడు. అక్కడ భీమేశ్వరుడి ఎదుట, కొబ్బరికాయ కొట్టిన చేతిని పైకెత్తి నేనొక ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మనిషన్నవాణ్ణి ఎవర్నీ, ఎక్కడా, ఏ స్కేలు మీదా "బాగుందా?" అని అడగను. ఆ మాట మీదే ఉన్నాను. నా ఇంట్లో నేను వండిన కూర గురించి కూడా అడగను. మా ఆవిడ దీన్ని పొగరనుకుంటుంది.

మిమ్మల్ని కూడా అడగటం లేదు చూడండి, ఇంతసేపు నేను చెప్పింది ఎలా ఉందని. అడిగితే మీరేమంటారో నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఒకటి వేసే ధైర్యం మీకు మాత్రం ఎక్కడిదండీ?